గోడకున్న ఇనుప కడియం

చిక్కడపల్లిలో మా గల్లీ మొదట్లో, ఒక పాతింటి గోడకు ఇనుప కడియం ఉండేది. టాంగాలు తిరిగిన రోజుల్లో గుర్రాలను దానికి కట్టేసేవారట. ఇప్పుడు గల్లీలో ఎవరినడిగినా "ఏ కడియం?" అంటారు. దాన్ని రోజూ పలకరించింది చూపు పోయిన మా నాయిన ఒక్కడే. సాయంత్రం గుడి నుంచి గోడ తడుముకుంటూ ఒంటరిగా వచ్చేవాడు. చేతికి కడియం తగిలిందంటే మా గల్లీ వచ్చినట్టే.

రోడ్డు వెడల్పు కోసమని ఈ మధ్యాహ్నం ఆ గోడను కూల్చేశారు. నేను ఆఫీసు నుంచి వచ్చి బస్సు దిగేసరికి మా నాయిన రాళ్ల కుప్ప పక్కన నిలబడి, చెయ్యి చాపి గాలిలో వెతుకుతున్నాడు. పంచె నిండా సున్నం. ఎంతసేపటి నుంచి అట్లా ఉన్నాడో ఏమో.

"నాయినా, గోడ కూలగొట్టిన్రు," అన్నాను.

"మరి కడియం?"

"మట్టితోని లారీల పోయినట్టుంది."

చాపిన చెయ్యి మెల్లగా దించాడు.

"సరే తియ్. ఇగ నేను గుడికి పోను. నీకెందుకు పరేషాన్."

ఇల్లు చేరేదాకా నా చెయ్యి వదల్లేదు. చూపు పోయాక కూడా ఆయన ఎన్నడూ నా చెయ్యి పట్టుకుని నడిచినవాడు కాదు.

అందరికీ దారి వెడల్పు చేస్తున్నారు, సంతోషం. మా నాయినకున్న ఒక్క దారిని మాత్రం లారీకెత్తారు.

మా వైపు కూల్చిన మట్టిని ఎక్కడ పోస్తున్నారో మీలో ఎవరికైనా తెలుసా? రేపు సెలవు పెట్టాను. వెళ్లి వెతుకుతాను.