మొదటి వింగ్‌సూటు, నా కుడిపక్కన మనిషి

ఆ రోజు విమానం తలుపు దగ్గర నిలబడ్డప్పుడు కొంచెం జలుబు తప్ప నాకు వేరే ఇబ్బంది లేదు.

మాది మందమర్రి. గల్ఫ్‌లో ఒక స్కైడైవింగ్ కేంద్రంలో పారాచూట్లు మడతపెట్టే పని నాది. ఏడేళ్లలో నాలుగు వందలకు పైగా దూకాను. ఇక సొంతంగా వింగ్‌సూటు కొనుక్కోవాలనుకున్నాను. చేతులకూ నడుముకూ మధ్య, రెండు కాళ్ల మధ్య గుడ్డ రెక్కలుండే సూటు అది. కేంద్రం వాళ్ల చిన్న సూటుతో శిక్షణ అయింది. కానీ నా మనసంతా ఒక స్నేహితురాలు అమ్మకానికి పెట్టిన పెద్ద నల్ల సూటు మీదే.

“ఫస్టుకే గంత పెద్దదెందుకు చెల్లె? జర ఆగు,” అన్నాడు మా కోచ్ శీనన్న. ఆయనది జగిత్యాల. నేను వినలేదు. ఒకసారి వేసుకుని చూస్తానని అరువు తెచ్చుకున్నాను.

దూకిన కాసేపటికి నా కుడిపక్కన ఎవరో ఎగురుతున్నారు. చాలా దగ్గరగా. వాళ్ల రెక్క నా రెక్కకు తగులుతోంది. నాతోపాటు దూకిన శీనన్న అనుకుని తల తిప్పాను. ఎవరూ లేరు. ఆయన ఎడమవైపు, ఎంతో దూరంలో ఉన్నాడు. అంతలోనే నేల పైకి లేచింది. గిరగిరా తిరుగుతున్నాను. పారాచూట్ తెరిచే పిడి నడుము వెనక ఉంటుంది. ఆ పెద్ద రెక్కతో చెయ్యి అక్కడికి చేరలేదు. రెండుసార్లు గుడ్డే చేతికొచ్చింది. మూడోసారి పిడి దొరికింది.

నేల మీదికొచ్చినా తిరగడం ఆగలేదు. రెండు రోజులు వాంతులు. అక్కడి ఆసుపత్రిలో ఇంజక్షన్లు చేసి, తల తిరగకుండా గోళీలు రాసిచ్చారు. నిలబడగలిగాక సెలవు పెట్టి ఇంటికి, అమ్మానాన్నల దగ్గరికి వచ్చాను.

ఇంట్లో మధ్యాహ్నం పడుకుంటే మంచం కుడివైపు కోళ్లు నేలలోకి దిగిపోతున్నట్టుండేది. ఎవరో ఆ అంచున కూర్చున్నట్టు.

“అవ్వా, గీడ ఎవరు కూసున్నరే?”

“ఎవ్వరు లేరు బిడ్డా. నేను గీ గడప కాడనే ఉన్న గదా.”

అవ్వ దిష్టి తీసింది. బాపు ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో, అదే గనిలో, పనిచేసిన మనిషి. నా మంచం పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు: “బాయిల లైటు బందయితె నాకు గట్లనే అనిపిచ్చేది. పక్కకు ఎవరో నిలవడి ఊపిరి తీస్తున్నట్టు. చెయ్యి చాపితె ఎవ్వరుండకపోదురు.” నాకు ధైర్యం చెబుదామనే అన్నాడు. నాకు ఇంకా భయమేసింది.

కరీంనగర్‌లో ఈఎన్‌టీ డాక్టరమ్మ నల్ల గాగుల్స్ పెట్టి నా కంటి కదలికలు చూసింది. ఎమ్మారై నార్మల్. “రైట్ సైడ్ వెస్టిబ్యులర్ న్యూరైటిస్. వైరస్‌తోని బ్యాలెన్స్ నరం వాచింది,” అంది.

పక్కన మనిషి సంగతి సిగ్గుపడుతూ చెప్పాను. ఆమె నవ్వలేదు. “ఇంకొందరు పేషెంట్లు గూడ చెప్పిన్రు. ఒళ్లు ఎక్కడున్నదో మెదడుకు సరిగ్గ తెలుస్తలేదు. నిన్నే నీకు వేరే మనిషి లెక్క చూపిస్తున్నది కావొచ్చు.”

అంటే ఆ పక్కన ఉన్నది నేనేనా? తిరిగొచ్చేటప్పుడు బస్సులో కుడివైపు సీటు ఖాళీగా ఉంది. మందమర్రి వచ్చేదాకా అటు చూడలేదు.

ఎక్సర్‌సైజులు ఇచ్చారు. ఎదురుగా పెట్టుకున్న బొటనవేలినే చూస్తూ తల అటూ ఇటూ తిప్పాలి. తిప్పితే గదంతా తిరిగేది. డాక్టరమ్మ మానేయమన్నా, భయంతో పాత గోళీలు చాటుగా మింగుతూనే ఉన్నాను. నెల గడిచినా గోడ పట్టుకునే నడక. చివరికి నా దిండు కింద గోళీలు చూసి బాపే నన్ను మళ్లీ తీసుకెళ్లి ఆ సంగతి బయటపెట్టాడు.

“అవి బంద్ చెయ్యి. తల తిరగనిస్తెనే మెదడు నేర్చుకుంటది,” అని డాక్టరమ్మ గట్టిగా కోప్పడింది.

ఆ తర్వాత నాలుగు నెలలకు గోడ వదిలాను. మళ్లీ పరీక్షలు చేసి ఆమె సరేనన్నాకే పనిలోకి వెళ్లాను. మొదట మామూలు జంపులే, పక్కన శీనన్నతో. నల్ల సూటును వేరే ఎవరో కొనుక్కున్నారు. నేను చిన్న రెక్కల సూటు తీసుకున్నాను. ఇప్పటికి ఇరవై సార్లు ఎగిరాను. తలస్నానానికి కళ్లు మూసుకుంటే మాత్రం ఇప్పటికీ నేల కాస్త కుడివైపుకు ఒరుగుతుంది. పక్కకు ఎవరూ రారు.

మొదటి సూటు కొనేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. కొనకముందే పారాచూట్ సంచీతో సహా తొడుక్కుని, నేల మీద బోర్లా పడుకుని, కళ్లు మూసుకుని పిడి కోసం చెయ్యి చాపండి. పదిసార్లు చాపితే పదిసార్లూ దొరకాలి. ఒక్కసారి తప్పినా, ఎంత నచ్చినా, విప్పి ఇచ్చేయండి.