ఫైరింజన్ మీద అంటించిన బ్యాలెట్

మా చర్చి నూరేళ్ల పుస్తకానికి వెర్లీన్ ఆట్రీ గురించి రాసివ్వమని పాస్టరు గారు నన్నడిగారు. మస్టిన్ క్రాసింగ్‌లో ఆమెను నాకంటే బాగా ఎరిగినవాళ్లు లేరట. నిజమే. ఆమెను చూసి నేను కుళ్లుకున్నంతగా ఇంకెవరూ కుళ్లుకోలేదు. అందుకే ఆమె చేసిన ప్రతి పనీ నాకు తేదీతో సహా గుర్తుంది.

ముందు నేనెవరో చెప్పాలి. నా పేరు తాడియస్ ప్యూరిఫాయ్. రెండు గదుల బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఇటుక పనిలో యాభై రెండేళ్లు. అలబామాలో జిల్లాలాంటి ఈ కౌంటీలో పదకొండు చర్చిలకు గోడలు లేపాను. నేను కట్టిన పొగగొట్టాలు రెండు వందల పైచిలుకు, ఒక్కటీ ఒరగలేదు. నలభై నాలుగేళ్లుగా చర్చిలో డీకన్ని, అంటే సంఘ పెద్దని. ఇరవై ఆరేళ్లు మా పోలింగ్ కేంద్రానికి చీఫ్‌ని. ఆ ఇరవై ఆరేళ్లలో ఒక్క ఓటు లెక్క తేడా రాలేదు.

మా పోలింగ్ ఫైర్ స్టేషన్‌లో. దాని తూర్పు గోడ పొడవునా ఇటుక బెంచి ఉంది. అరవై రెండు అడుగులు. నలభై మంది సుఖంగా కూర్చోవచ్చు. అది నేను ఒక్కడినే మూడు వారాల్లో కట్టాను. పంతొమ్మిది వందల అరవై ఆరులో, మా నల్లవాళ్లని ఓటు వేయనిచ్చిన కొత్తలో, మా అమ్మ మొదటిసారి ఓటు వేయడానికి ఐదు గంటలు నిలబడింది. ఇంటికొచ్చేసరికి పాదాలు బూట్లలోంచి ఊడిరాలేదు. పక్కనే నిలబడ్డ నాకు ఇరవై రెండేళ్లు. మా ఊళ్లో ఇంకెవరూ నిలబడి ఎదురుచూడకూడదని ఆనాడే అనుకున్నాను. బెంచి కట్టాక జనం వచ్చి నా చేతులు పట్టుకున్నారు. ఎన్నికల రోజు ఆ బెంచి చివర నుంచి చివరిదాకా నిండి ఉంటే, నాకు పండిన చేను చూస్తున్నట్టుండేది.

వెర్లీన్ నాకంటే పద్నాలుగేళ్లు చిన్నది. పత్తి మిల్లు వెనకాల ఇళ్లలో పుట్టింది. పదో తరగతిలో చదువు ఆపేసింది. కలప లారీ నడిపే రూఫస్ ఆట్రీని పెళ్లాడింది, ఇరవై ఎనిమిదో ఏట అతన్ని పోగొట్టుకుంది. ఆ మరుసటి వారమే బడి వంటింట్లో పనికి చేరి ముప్పై ఒక్క ఏళ్లు చేసింది. రెండు వందల నలభై మంది పిల్లలకు ఇరవై ఐదు నిమిషాల్లో భోజనం పెట్టేది. ఏం ముట్టుకున్నా పొయ్యి మీదే ఉన్నట్టు చకచకా చేస్తుంది, నవ్వితే వంటింటి చివరికి వినిపిస్తుంది. పదవీ విరమణ అయ్యాక ఓటర్ల పేర్లు చూసే క్లర్కుగా నా కిందికి వచ్చింది.

వచ్చిన మొదటి ఏడే నాకు నిద్ర పట్టకుండా చేసింది. ఆ నవంబరులో వరస మూడు గంటల నలభై నిమిషాలు సాగింది. సాయంత్రం పెట్టెలు సర్దుతుంటే వచ్చి నిలబడింది.

"డీకన్ గారూ, అరవై ఒక్క మంది."

"ఏంటి అరవై ఒక్క మంది?"

"వరసలోంచి వెళ్లిపోయినవాళ్లు. కిటికీలోంచి లెక్కపెట్టాను."

"ఓటు కావాలనుకున్నవాడు కూచుంటాడు. బెంచి కట్టింది అందుకే."

"కూచోడానికి చోటుంది బాబాయ్, టైమే లేదు. మూడింటికి కోళ్ల ఫ్యాక్టరీలో షిఫ్టు. ఆలస్యమైతే ఇంటికి పంపేస్తారు."

నేను పెట్టె మూత బిగించాను. అప్పటికి ఇరవై నాలుగేళ్లుగా ఆ కిటికీ పక్కనే కూర్చున్నాను. వచ్చినవాళ్లను లెక్కపెట్టాను గానీ వెళ్లిపోయినవాళ్లను ఎన్నడూ లెక్కపెట్టలేదు. కొత్తగా వచ్చిన ఒక వంటమనిషి మొదటిరోజే ఆ పని చేసింది. అదే నా అసూయకు మొదలు.

ఆ వరస మాట కౌంటీలో ఎన్నికలు నడిపించే జడ్జి హాస్కెల్ గారి దాకా వెళ్లింది. రెండేళ్ల తర్వాత ఆగస్టులో నన్ను పిలిచి మర్యాదగానే చెప్పారు. "ప్యూరిఫాయ్ గారూ, ఈసారి ఎవరైనా రెండు గంటలు దాటి ఆగాల్సి వస్తే, వచ్చేసారి మీ కుర్చీలో ఇంకొకర్ని కూచోబెట్టాల్సొస్తుంది. ఓటు వేసే బల్లలు ఇంకో నాలుగిస్తాను. అంతకన్నా నా చేతిలో ఏం లేదు."

ఇంకొకరంటే ఎవరో ఆయన చెప్పలేదు. చెప్పనక్కర్లేదు.

ఎన్నికలకు వారం ముందు లైబ్రరీలో క్లర్కులకు శిక్షణ. కొత్తగా వచ్చిన నాలుగు బల్లల గురించి నేను గర్వంగా చెబుతున్నాను. వెర్లీన్ చెయ్యెత్తింది.

"బల్లలు చాలకపోవడం కాదండీ. చదవడం బల్ల దగ్గరికొచ్చాక మొదలెడుతున్నారు."

అలబామా బ్యాలెట్ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. గవర్నరు పేరు నుంచి, చావుల మీద విచారణ చేసే కరోనరు పేరు దాకా ముందువైపు. వెనక్కి తిప్పితే రాష్ట్ర రాజ్యాంగానికి సవరణలు, ఒక్కోదానికీ అవునో కాదో చెప్పాలి. ఆ ఏడాది పది సవరణలు. ఒక్కొక్కటీ అరచేతి వెడల్పు. ఎక్కడో వేరే కౌంటీలో ఎవరి జీతమో ఎవరు పెంచాలన్న దాన్ని కూడా మేం తేల్చాలి. చిన్న అక్షరాలు. మా పెద్దవాళ్లు వేలు పెట్టి, పెదాలు కదిపి చదివి, మళ్లీ మొదటికి వస్తారు. బయట బెంచి మీద మూడు గంటలు ఊరికే కూర్చున్న మనిషి లోపల బల్ల దగ్గర ఇరవై నిమిషాలు చదువుతాడు.

"బడిలో మా పిల్లలూ అంతే. ట్రే పట్టుకుని నా ముందుకొచ్చాక చూసేవాళ్లు, బీన్సా, ఆకుకూరా అని. మెనూ బోర్డు తీసుకెళ్లి వరస తోక దగ్గర తగిలించాను. నా దగ్గరికొచ్చేసరికి నోట్లో మాట రెడీగా ఉండేది. బ్యాలెట్ కూడా పెద్దక్షరాలతో రాసి బయట పెడదాం."

"ఇది బడి వంటిల్లు కాదు, సిస్టర్."

"కాదు కదండీ. మా వంటింట్లోంచి తినకుండా ఎవరూ వెళ్లిపోలేదు."

గదంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ ఆలోచన సరైనదని నాకు ఆ క్షణమే తెలుసు. సరైనది కాబట్టే వద్దన్నాను.

ఎన్నికల రోజు ఉదయం ఏడింటికే బెంచి నిండింది. నాకొక పద్ధతి ఉంది, నేనే కనిపెట్టాను. ప్రతి గంటకీ వరస చివరి మనిషికి టైము రాసిన చీటీ ఇస్తాను. ఆ మనిషి తలుపు దాటేటప్పుడు తీసుకుంటాను. ఎంతసేపు ఆగారో అలా తేలుతుంది. ఎనిమిది గంటల చీటీ తొమ్మిదీ నలభై ఎనిమిదికి వచ్చింది. వరస అప్పటికింకా పెరుగుతోంది. ఇంకో పన్నెండు నిమిషాలైతే నా కుర్చీ నాది కాదు.

వెర్లీన్ బల్ల దగ్గరికి వెళ్లాను. తల ఎత్తకుండానే అడిగింది. "చెప్పండి డీకన్ గారూ."

"ఆ కాగితాలు రాశావా?"

"కారు డిక్కీలో ఉన్నాయి."

"నేను వద్దన్నాను కదా."

"రాయొద్దనలేదు. పెట్టొద్దన్నారు."

మాంసం చుట్టే బ్రౌన్ కాగితం మీద నల్ల మార్కరుతో బ్యాలెట్ మొత్తం రాసింది. అక్షరాలు నా బొటనవేలంత. అసలు బ్యాలెట్‌తో నేనే పోల్చి చూశాను. ఒక్క కామా కూడా తప్పు పట్టలేకపోయాను, పట్టాలనే చూశాను.

"బెంచి పైన గోడకి అంటించు," అన్నాను.

ఆమె బెంచి వైపు చూసింది. "మీ బెంచి మీద కూచుంటే గోడ వీపు వెనక ఉంటుంది బాబాయ్. ఎలా చదువుతారు?"

అరవై రెండు అడుగుల బెంచి కట్టినవాణ్ని, కూర్చున్నవాళ్ల ముఖం ఎటుంటుందో ఆలోచించలేదు. వాళ్ల ముందు ఖాళీ పెరడు, చెత్త డబ్బా, అంతే. ఆమె మా ఫైర్ కెప్టెన్ ఎల్మోర్‌ని కేకేసింది. "ఎల్మోర్, ఆ బండిని తెచ్చి వీళ్లకెదురుగా అడ్డంగా పెట్టు. బాగా దగ్గరగా."

ఎర్రటి ఫైరింజన్ బెంచికి ఎదురుగా పదిహేను అడుగుల్లో వచ్చి నిలబడింది. దాని పక్కభాగం మీద చివర నుంచి చివరిదాకా వెర్లీన్ కాగితాలు అంటించింది. బెంచి మీది జనం కళ్లద్దాలు తీశారు.

"ఆరో నంబరేంటి?"

"ఎవరిదో వేరే కౌంటీలో నీటి బోర్డు."

"వాళ్ల నీళ్లతో నాకేం పని?"

"నీ కోసం వాళ్లూ ఇలాగే తల గోక్కుంటుంటారులే. చదువు."

"ఆ 'తత్సంబంధిత' దగ్గర నుంచి ఒకసారి గట్టిగా చదవవా, నా అద్దాలు ఇంట్లో ఉండిపోయాయి."

ఎలా వేయాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆ మాత్రం నేను చూసుకున్నాను. చదివారు, రెండోసారి చదివారు, లోపలికి వచ్చి నాలుగు నిమిషాల్లో బ్యాలెట్ మీది గుండ్రాలు నింపి బయటికి వెళ్లిపోయారు. వెర్లీన్ వరస పొడవునా ఒకసారి నడిచి, "గుర్తింపుకి డ్రైవింగ్ లైసెన్సులు చేతుల్లో పెట్టుకోండి, నా దగ్గరికొచ్చి సంచీ తవ్వొద్దు," అని చెప్పి వచ్చింది. పది గంటల చీటీ గంటా పది నిమిషాలకు వచ్చింది. ఒంటిగంట చీటీ ముప్పై ఐదు నిమిషాలకు వచ్చింది. ఫ్యాక్టరీ వాళ్లు ఓటు వేసి షిఫ్టుకు నవ్వుకుంటూ వెళ్లారు. రెండింటికి నా బెంచి సగం ఖాళీ. నలభై మంది కూర్చోవాల్సిన చోట పదిహేను మంది. మనిషన్నవాడెవడైనా సంతోషించాలి. నేను మాత్రం ఆ ఖాళీ ఇటుకల వైపు చూస్తూ ఉండిపోయాను.

నాలుగింటికి జడ్జి హాస్కెల్ గారు వచ్చారు. ఫైరింజన్ చుట్టూ ఒకసారి తిరిగారు. లోపలికి వచ్చి నా చీటీలన్నీ చూశారు.

"అద్భుతంగా ఉంది. ఎవరి ఆలోచన ఇది?"

లోపల పదిమందిదాకా ఉన్నారు. అందరూ విన్నారు. వెర్లీన్ ఎవరి పేరుకో ఎదురుగా గీత గీస్తోంది. నేను అన్నాను, "నాదేనండీ."

ఆమె పెన్ను ఆగలేదు. "తర్వాత ఎవరమ్మా, రండి," అంది.

కుర్చీ నాకే ఉండిపోయింది. మరుసటి ఏడు జనవరిలో జడ్జి గారు సంతకం చేసిన ఉత్తరం కూడా వచ్చింది. మార్చిలో క్లర్కుల జాబితా వచ్చింది. అందులో వెర్లీన్ పేరు లేదు. తనే వద్దందట.

ఆమె ఇంటికి వెళ్లాను. వరండాలో కూర్చుని బొబ్బర్లు ఒలుస్తోంది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

"కాగితాలు కావాలంటే పట్టుకెళ్లండి. చుట్టి లోపల పెట్టాను."

"కాగితాల కోసం రాలేదు. నువ్వు రావాలి."

"ఎందుకండీ? మీ ఆలోచనే కదా."

ఇంకో బొబ్బరికాయ విరిచి గింజలు గిన్నెలో వేసింది. తర్వాత ఆమే అంది. "నాకు కుర్చీ మీద ఆశ లేదు బాబాయ్. ఎప్పుడూ లేదు. బడిలో ముప్పై ఏళ్లు ఒక్కరోజు కూచోలేదు. కానీ ఆ రోజు నా ముందే నా నోట్లోంచి లాక్కున్నారు. అది మింగుడుపడటం లేదు."

ఆదివారం ప్రకటనల సమయంలో నేను లేచి నిలబడ్డాను. అన్నేళ్లలో ఆ చర్చిలో నేను ఎన్నో ప్రకటనలు చేశాను, నా తప్పు గురించి ఒక్కటీ చేయలేదు. "సహోదరులారా, సహోదరీలారా, ఫైరింజన్ మీద బ్యాలెట్ పెట్టాలన్న ఆలోచన నాది కాదు. సిస్టర్ వెర్లీన్ ఆట్రీది. నాదని జడ్జి గారికి అబద్ధం చెప్పాను."

 ఎప్పుడూ వెనక వరసలో కూర్చునే మా సంఘస్తుడు క్లియోఫస్ గొంతు వినిపించింది. "అది మాకందరికీ తెలుసు డీకన్ గారూ. కూచోండి."

చర్చి అంతా కడుపు పట్టుకుని నవ్వింది. వెర్లీన్ కూడా నవ్వింది, ఆ వంటింటి చివరిదాకా వినిపించే నవ్వు. అప్పుడర్థమైంది, నా అబద్ధాన్ని నమ్మినవాడు ఊరు మొత్తంలో జడ్జి గారొక్కరే. సోమవారం ఉదయం ఆయనకు కూడా ఫోను చేసి చెప్పాను. వచ్చేసారికి చీఫ్ వెర్లీన్ అని ఆయన అప్పుడే చెప్పేశారు. కాసేపు బతిమాలతారేమో అనుకున్నాను. బతిమాలలేదు.

కిందటి ఎన్నికల్లో కుర్చీలో ఆమె కూర్చుంది. కూర్చుంది అనడం తప్పు, ఆ కుర్చీలో తన కోటు పెట్టి రోజంతా నిలబడే ఉంది. నన్ను తలుపు దగ్గర పెట్టింది, నా చీటీలు నాకే ఇచ్చి. వరస తోకలో ఉన్న ప్రతివాడికీ నేనే చీటీ ఇచ్చాను, నేనే తీసుకున్నాను. ఎవడో ఒకడు అరగంట దాటి ఆగాలని రోజంతా వాచీ చూసుకుంటూ గట్టిగా కోరుకున్నాను. ఏదీ దాచకుండా రాయమని పాస్టరు గారు అన్నారు కాబట్టి ఇదీ రాస్తున్నాను. అన్నిటికంటే ఎక్కువ ఆగింది పంతొమ్మిది నిమిషాలు. అదీ క్లియోఫస్. లైసెన్సు ఇంట్లో మరిచిపోయి వచ్చి, దానికోసం వెనక్కెళ్లొచ్చాడు.