మినిట్స్‌కెక్కని ఫోన్

మా టౌన్‌షిప్‌లో అబద్ధమాడే అవసరం ఎవరికీ పెద్దగా వచ్చేది కాదు. అసలు మాట్లాడితే కదా! మిన్నెసోటాలో ఓ మూల, నార్వే నుంచి వచ్చిన రైతుల మనవలూ మునిమనవలూ పాడి పెట్టుకుని బతికే చోటది. డెబ్బైల చివర్లో మా ఆయనకి అక్కడ ఒక పెద్ద పశువుల డాక్టరు దగ్గర చిన్న డాక్టరుగా ఉద్యోగం దొరికింది. మాతోపాటు అమెరికా వచ్చినవాళ్ళు డెట్రాయిట్ పక్కన కార్ల కంపెనీల్లో చేరి, శనివారం వస్తే ఒకరింట్లో ఒకరు చేరి పప్పుచారు పోసుకుంటూ ఉంటే, నేను మాత్రం ఏం పలకరించినా ఊపిరి లోపలికి పీల్చి "యా" అని ఊరుకునే మనుషుల మధ్య పడ్డాను.

టౌన్‌షిప్ అంటే మన పంచాయతీ లాంటిదే, కాకపోతే ఊరుండదు. ఆరు మైళ్ళ పొడవు, ఆరు మైళ్ళ వెడల్పు. దాన్ని ముప్ఫై ఆరు గళ్ళుగా గీసి, ప్రతి గీత మీదా ఒక మట్టిరోడ్డు వేశారు. నేల పీటలా చదునుగా ఉంటుంది. మధ్యలో ఒక హాలు, తెల్ల రంగు, ఒకటే గది. ముగ్గురు సూపర్వైజర్లు, ఒక కోశాధికారి, ఒక క్లర్కు. ప్రభుత్వమంటే అంతే. మార్చి నెల రెండో మంగళవారం మధ్యాహ్నం ఓటున్న వాళ్ళందరూ హాల్లో చేరి, రోడ్ల సంగతీ కలుపు మొక్కల సంగతీ చేతులెత్తి తేల్చేవారు. రాని వాళ్ళకి చెయ్యి లేదు. తర్వాత కాఫీ, కేకు ముక్కలు.

హాలు గోడకి ఒక పాత మ్యాపు ఉండేది. ఈ టౌన్‌షిప్‌కి ఏ నార్వే పంచాయతీ పేరు పెట్టారో, ఆ పంచాయతీ మ్యాపు. అందులో చదునైన నేలన్నది లేదు. కొండల మధ్యకి సముద్రం చేతి వేళ్ళలా చొచ్చుకొచ్చి ఉంటుంది, నీటి ఒడ్డున ఒక్కో చుక్క ఒక్కో ఇల్లు. మా రైతులెవరూ ఆ ఊరు చూడలేదు. చూసిన మనిషి ఒక్కతే. పెళ్ళి చేసుకుని పద్దెనిమిదేళ్ళప్పుడు అక్కణ్ణుంచి వచ్చి, భర్త పోయాక పద్నాలుగు ఆవులతో ఒంటరిగా ఉంటున్న ముసలావిడ. నాకు ముందు క్లర్కు ఆవిడే.

ఆవిడకి కళ్ళు మసకేశాయి. క్లర్కు పని ఇంకెవరూ ఒప్పుకోలేదు. అప్పటికి మాకు పౌరసత్వం వచ్చింది. ఒక మార్చి మీటింగులో ఆవిడ లేచి నిలబడి, నన్ను వేలితో చూపించి, "ఆ డాక్టరు పెళ్ళానికివ్వండి. చేతిరాత బాగుంటుంది. ఇక్కడ చుట్టాలు లేరు. ఏం జరిగితే అదే రాస్తుంది" అంది. అందరూ చేతులెత్తారు. అంతమంది చేతులు నాకోసం లేవడం అదే మొదటిసారి. ఇంటికొచ్చి ఆ సంగతి మా ఆయనకి మూడుసార్లు చెప్పాను.

రిజిస్టర్లు అప్పజెప్పేటప్పుడు ఆవిడ నన్ను మ్యాపు దగ్గరికి తీసుకెళ్ళింది. సముద్రపు పాయ ఒకటి సన్నబడి ఆగిపోయేచోట, చిట్టచివరి చుక్క మీద గోరు పెట్టింది. "మా ఇల్లు. రోడ్డు లేదు. మా ఒక్క ఇంటికోసం పంచాయతీ పడవ వచ్చేది. మా పాల క్యాన్లు తీసుకెళ్ళడానికి. ఒకసారి మానేద్దామన్నారు. మా నాన్న వెళ్ళి వాళ్ళ మీటింగులో కూర్చున్నాడు. మొహం కనపడుతుంటే మానేద్దామని ఎవరంటారు? అనలేకపోయారు." ఇక్కడ కూడా ఆవిడ ఇల్లు అలాగే ఉంది. టౌన్‌షిప్ ఈశాన్య మూలలో, రెండు చిత్తడి నేలల మధ్య మైలు పొడుగు రోడ్డుకి చివర. ఆ మైల్లో ఇంకో ఇల్లు లేదు. గాలి ఉన్న మంచునంతా తెచ్చి అక్కడే పోసేది. అది తోసి రోడ్డు తెరిచే బండి, స్నోప్లౌ, ఏటా ఓసారైనా అందులో కూరుకుపోయేది.

మూడేళ్ళు నేను ఏం జరిగితే అదే రాశాను. తర్వాత ఆవిడ ఆవు ఈనలేక అవస్థ పడుతోందని కబురొస్తే, పెద్ద డాక్టరు ఊళ్ళో లేక మా ఆయన వెళ్ళారు. గంటలోపే తిరిగొచ్చారు. బూట్లకి పేడ కూడా అంటలేదు.

"ఏమండీ, అప్పుడే అయిపోయిందా?"

"లోపలికి రానివ్వలేదు. 'నువ్వు నేర్చుకోవడానికి కాదు నా ఆవు' అంది. ఆ పెద్దాయన వచ్చేదాకా ఆగుతుందట."

గుంటూరు జిల్లాలో పదకొండేళ్ళు గొడ్ల ఆస్పత్రి నడిపిన మనిషి. ఇక్కడ మళ్ళీ పరీక్షలన్నీ రాసి పాసైన మనిషి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పోనీలేవే, మొహం మీద చెప్పింది. మిగతావాళ్ళు ఫోన్ చేసి, 'పెద్దాయన ఫ్రీగా ఉంటే ఆయన్నే పంపండి, తొందరేం లేదు' అంటారు. రెండూ ఒకటేగా?" అన్నారాయన బూట్లు విప్పుకుంటూ.

రెండూ ఒకటేనని నాకూ తెలుసు. సూపర్వైజర్ల ఛైర్మన్ కూడా తన గొడ్ల దగ్గరికి మా ఆయన్ని పిలిచేవాడు కాదు. కానీ చర్చి బయట కనిపిస్తే టోపీ తీసేవాడు. అతని భార్య నాకు గుమ్మడికాయలు పంపేది. టోపీ తీసినవాళ్ళ మీద కోపం తెచ్చుకుంటే నేను బతకాల్సింది ఎవరితో? అందుకని ఉన్న కోపమంతా తెచ్చి ఆ ఒక్క మనిషి మీద పెట్టాను. అక్కడ ఖర్చు తక్కువ.

మరుసటి శీతాకాలంలో ఆ మైలు రోడ్డు మాట బయటికొచ్చింది. ఒక్క ఇంటికోసం బండి, మనిషి, సగం రోజు. శీతాకాలం ఆ మైలు వదిలేస్తే ఏమిటని ఛైర్మన్ అన్నాడు. సూపర్వైజర్లు మార్చి మీటింగులో అడుగుదామనుకున్నారు. వదిలేస్తే ఏమవుతుందో హాల్లో అందరికీ తెలుసు. ప్లౌ వెళ్ళని రోడ్డు మీదకి పాలలారీ వెళ్ళదు. లారీ రాకపోతే పాలు పారబోసుకోవాలి. అంటే ఆవులు పోతాయి. ఆవులు పోయాక ఆవిడ ఆ చివర కూర్చుని ఏం చేస్తుంది?

మీటింగుకి ముందురోజంతా మంచు కురిసింది. మంగళవారం పొద్దున్న ఎనిమిదింటికి ప్లౌ నడిపే అతను నాకు ఫోన్ చేశాడు. సూపర్వైజర్లు పాలు పితుకుతుంటే క్లర్కుని అడగడం వాడుక.

"ఎక్కణ్ణుంచి మొదలెట్టను?"

"హాలుకొచ్చే రోడ్లు ముందు. అందరూ మీటింగుకి రావాలిగా" అన్నాను.

"ఈశాన్యం మూల?"

"అది ఆఖర్న."

తప్పేముంది? ఎవరడిగినా ఒప్పుకునే జవాబు. రిసీవర్ పెట్టేసి పది నిమిషాలైనా కాలేదు, మళ్ళీ మోగింది. ముసలావిడ.

"ప్లౌ బయల్దేరిందా? నేను మీటింగుకి రావాలి. నా రోడ్డు గురించి మాట్లాడాలి."

"వస్తోంది" అన్నాను.

"మధ్యాహ్నం లోపు?"

"వస్తోందండీ."

"ఒకవేళ రాకపోతే, రోడ్డు వదిలెయ్యడం నేను వద్దన్నానని రాయి. నా ఒక్క ఇల్లే అయినా, వద్దన్నానని రాయి."

"సరే" అన్నాను. ఎంత మర్యాదగా అన్నానో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ప్లౌ అతను ఏ రోడ్డు మీదున్నా అతని ఇంటికి చెప్తే, అతని భార్య రేడియోలో అందించేది. ఫోన్ నా చేతి కిందే ఉంది. నేను వెళ్ళి పెనం పెట్టుకుని అట్లు పోసుకున్నాను. రెండు తిన్నాను. బాగా కుదిరాయి కూడా.

మధ్యాహ్నం హాల్లో ఇరవైమందిదాకా ఉన్నారు. కాఫీ కాగుతోంది. ఛైర్మన్ రోడ్డు సంగతి చెప్పి, చుట్టూ చూసి, "ఆవిడ రాలేదే?" అన్నాడు. కిటికీలోంచి చూస్తే చాలు, ఎందుకు రాలేదో తెలుస్తుంది. ఒక్కరూ కిటికీ వైపు చూడలేదు.

"ఎవరికైనా అభ్యంతరమా?" అని నా వైపు కూడా చూశాడు. పెన్ను తెరిచి పట్టుకుని నేను రిజిస్టరు వైపు చూశాను.

చేతులు లేచాయి. నేనూ ఎత్తాను. క్లర్కుకీ ఓటుంది. "ఆ రోడ్డు వారి నుంచి అభ్యంతరం ఏదీ రాలేదు" అని నా మంచి చేతిరాతతో రాశాను. ఛైర్మన్ భార్య నాకు పెద్ద కేకు ముక్క పెట్టింది. ప్లౌ నాలుగింటికి వెళ్ళిందట ఆ మూలకి.

ఆవిడ ఆ వేసవిలోనే ఆవుల్ని అమ్మేసింది. చలికాలందాకా ఆగి పాలు పారబోసుకోవడం దేనికని కాబోలు. అమ్మకానికి ముందు రక్తం తీసి పరీక్ష చేసి, డాక్టరు కాగితం ఇవ్వాలి. పెద్ద డాక్టరుకి నడుం పట్టేసింది. మా ఆయన వెళ్ళాలి. చెవి నంబర్లు రాసిపెట్టడానికి నన్ను తోడు రమ్మన్నారు. రానంటే ఎందుకని అడుగుతారు. వెళ్ళాను.

ఈసారి ఆవిడ అడ్డం నిలబడలేదు. ఒక్కో ఆవు మెడ దగ్గర చెయ్యేసి పట్టుకుని, దాని పేరు చెప్పేది. అన్నీ ఆ మ్యాపులోని చోట్ల పేర్లే. సముద్రపు పాయ పేరొకటి, రేవు పేరొకటి. నేను నంబర్లు మాత్రం రాసుకున్నాను. పేర్లకి కాగితంలో గడి లేదు. మా ఆయన చెయ్యి ఎంత తేలికో, సూది గుచ్చితే ఒక్క ఆవూ ఉలిక్కిపడలేదు. అది ఆవిడ చూస్తూనే ఉంది. చివరి ఆవు దగ్గర, "మంచి చెయ్యి" అంది ఆయనతో. పద్నాలుగు ఆవులూ పోబోతున్న వేళ ఆవిడ ఆ మాటనడం నాకు నచ్చలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తిరిగొచ్చేటప్పుడు మా ఆయన, "పాపం, రోడ్డు అలా ఎలా తీసేశారే? ఈవిడ వద్దనలేదా?" అన్నారు.

"మీటింగుకి రాలేదండీ" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు మరి.

మళ్ళీ మార్చి వచ్చింది. ఆ మైలు డిసెంబర్ నుంచి మూసుకుపోయి ఉంది. సరుకులు ఎవరో ఒకరు స్నోమొబైల్ అనే చిన్న మంచుబండి మీద వారానికోసారి పడేసేవారట. మంగళవారం నేను హాలు తాళం తీసి కాఫీ పెట్టేసరికి, తలుపు తోసుకుని ఆవిడ వచ్చింది. మోకాళ్ళదాకా తడిసి ఉంది. ఆ మైలు నడిచి, పెద్ద రోడ్డెక్కి ఎవరి ట్రక్కో ఆపి వచ్చింది. వెళ్ళి మ్యాపు కింద కుర్చీలో కూర్చుంది.

మీటింగు ఎప్పుడూ కిందటేడాది మినిట్స్, అంటే ఏం జరిగిందో రిజిస్టర్లో రాసింది, చదవడంతో మొదలవుతుంది. చదవాల్సింది క్లర్కే. నేను లేచి చదివాను. "ఆ రోడ్డు వారి నుంచి అభ్యంతరం ఏదీ రాలేదు" అన్న వాక్యం కూడా మిగతా వాక్యాల్లాగే చదివాను.

"సవరణలేమైనా ఉన్నాయా?" ఛైర్మన్ అడిగాడు. ఆ ప్రశ్నకి ఎవరైనా జవాబు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు.

ఆవిడ చెయ్యెత్తింది. "ఉంది. నేను వద్దన్నాను. ఆరోజు పొద్దున్న ఫోన్ చేసి క్లర్కుకి చెప్పాను."

ఇరవైమందీ కాఫీ కప్పుల్లోకి చూసుకున్నారు. ఛైర్మన్ నా వైపు తిరిగాడు. అతని మొహంలో కుతూహలం లేదు. ఒక్కటే కోరిక, ఇది తొందరగా అయిపోవాలని. అవునంటే ఆ తీర్మానం మళ్ళీ తెరవాలి. రోడ్డు తెరవాలి. అందరూ ఆవిడ మొహం చూస్తూ మళ్ళీ చేతులెత్తాలి. ఆవిడ మొహం చూస్తూ ఎంతమంది ఎత్తేవాళ్ళు? ఆ సంగతి ఆవిడకి ఆ సముద్రపు పాయ నాటి నుంచీ తెలుసు.

"అలాంటి ఫోన్ వచ్చినట్టు నాకు గుర్తులేదు" అన్నాను.

గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి లోపలికి పీల్చారు. "యా." మినిట్స్ ఆమోదించారు. తర్వాత క్లర్కు ఎన్నిక. నా పేరు చెప్పగానే చేతులు లేచాయి. "వ్యతిరేకం?" అంటే ఒక్క చెయ్యి లేచింది.

మీటింగయ్యాక ఆవిణ్ణి దింపుతానని ఎవరూ అనలేదు. నేనన్నాను. మంచితనమేం కాదు, నా గురించి ఎవరితో ఏం మాట్లాడుతుందోనని భయం. రోడ్డు ఆగిపోయేచోట కారాపాను. ముందు ఒక మైలు తెల్లగా ఉంది, పొద్దున్న ఆవిడ నడిచొచ్చిన గుంటలు తప్ప.

డోరు తీసి, దిగకుండా కూర్చుని, నా వైపు చూసింది. "నీకు చుట్టాలు లేరని నిన్ను పెట్టించాను. చుట్టాల్ని సంపాదించుకున్నావు" అంది.

సంతోషంగా ఉందా అని అడగలేదు. అడిగి ఉంటే, ఆ క్షణంలో, ఉందనే చెప్పేదాన్ని. ఆవిడ దిగి, తన అడుగుల గుంటల్లోనే మళ్ళీ అడుగులేసుకుంటూ వెళ్ళింది. నేను కారు వెనక్కి తిప్పి ఇంటికెళ్ళి, కాఫీ పెట్టుకుని, ఆరోజు మినిట్స్ ఫెయిర్ చేశాను. సవరణలు లేవని రాశాను. క్లర్కు ఎన్నిక ఏకగ్రీవమని రాశాను. సాయంత్రం మా ఆయన వచ్చి రిజిస్టరు తిరగేసి, "ఎంత బాగా రాస్తావే" అన్నారు.