లోగోలో తెలంగాణ పటం

దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో వెనక సందులో ఒక ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు ఉండేది. తెలంగాణ ఉద్యమం నడిచిన రోజులన్నీ నేను ఆ షాపులోనే డిజైనర్‌గా పనిచేశాను. పెళ్లిపత్రికలు, విజిటింగ్ కార్డులు, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు అన్నీ చేసేదాన్ని. ప్రాణం మాత్రం లోగోల మీద ఉండేది. మాది నల్గొండ దగ్గర పల్లె. నా చిన్నప్పుడే సరూర్‌నగర్‌కి వచ్చి కిరాయి ఇంట్లో దిగాం. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ మీద డిజైనింగ్ ఆరు నెలలు నేర్చుకున్నాను. మిగతాదంతా బస్సు కిటికీలోంచి బోర్డులు చూసి నేర్చుకున్నదే. కదిలే బస్సులోంచి చూసినా మనసులో నిలిచే బోర్డు ఏది, పక్కనే నిలబడి చూసినా గుర్తుండనిది ఏది అని లెక్కపెట్టుకుంటూ పోయేదాన్ని.

ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు లోగో కావాలన్నారు. పోటీ పరీక్షలకు చదివించే సెంటర్ అది, మా షాపుకి నాలుగు అడుగుల దూరం. డైరెక్టర్ కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. నేను పది రోజులు ఆలోచించి ఒకటి గీశాను. పరీక్షలో జవాబులు దిద్దే కాగితం మీద వరసగా నాలుగు గుండ్రాలుంటాయి కదా, ఆ నాలుగే. మూడు ఖాళీ, ఒకటి పెన్సిలుతో నింపినది. కింద సెంటర్ పేరు. అంతే. ఒకే రంగు. గోరంత చేసినా తెలుస్తుంది, రబ్బరు స్టాంపు మీద కూడా తెలుస్తుంది. పరీక్ష రాసిన పిల్లవాడెవడైనా చూడగానే గుండె ఒకసారి ఆగుతుంది. అంతకంటే మంచి లోగో నేను ఆ తర్వాత కూడా గీయలేదని ఇప్పటికీ అనుకుంటాను.

మా ఓనరు నన్ను వెంటబెట్టుకుని డైరెక్టర్ గదికి తీసుకెళ్లాడు. అక్కడ పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన ఇద్దరు తల్లిదండ్రులు కూడా కూర్చుని ఉన్నారు. నేను కాగితం ముందు పెట్టి చెప్పడం మొదలుపెట్టాను.

“సార్, లోగో అంటే పది మాటలు చెప్పొద్దు సార్. ఒక్కటే మాట చెప్పాలె. ఒక్కసారి చూసినంక మల్ల చూడకుంటనే యాదికుండాలె. గీ నాలుగు గుండ్రాలు...”

డైరెక్టర్ చెయ్యెత్తి ఆపాడు. “అమ్మా, నువ్వు డిజైన్ చెయ్యి, చాలు. మాట్లాడే పని మీ ఓనర్‌గారు చూసుకుంటారు. ఈ యాసలో చెబితే పేరెంట్స్ ముందు మా స్టాండర్డ్ ఏమవుతుంది చెప్పు?”

కూర్చున్నవాళ్లు నవ్వారు. మా ఓనరు కూడా నవ్వాడు. ఆయనది మా నల్గొండే. నా కోపంలో సగం ఆ నవ్వు మీదే.

తర్వాత డైరెక్టర్ కాగితం చూసి, “నాలుగు సున్నాలేంటమ్మా? మా దగ్గర చేరితే సున్నా మార్కులొస్తాయనుకుంటారు” అన్నాడు. పుస్తకం పెట్టమన్నాడు. దాని మీద దివిటీ, వెనక ఉదయిస్తున్న సూర్యుడు, చుట్టూ భూగోళం, పైన గద్ద. అన్నీ పెట్టాను. కిలో సామాను అరకిలో సంచిలో కుక్కినట్టు కుక్కాను. స్టాంపు చేయించుకుంటే నల్లటి మరక పడింది. అయినా ఆయన ఎంతో సంబరపడ్డాడు.

ఆ సెంటర్‌కి ముప్పై అడుగుల అవతల ఒక కర్రీ పాయింట్ ఉండేది. హాస్టళ్లలో, గదుల్లో అన్నం వండుకునే పిల్లలు అక్కడికి వచ్చి కూరలు కట్టించుకుని పోయేవాళ్లు. నడిపేది గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక ఆవిడ. భర్త పోయాక ఒక్కతే దుకాణం పెట్టుకుంది. నేను రోజూ మధ్యాహ్నం అక్కడే కూర తీసుకునేదాన్ని. “ఏమ్మా, ఇవాళ ఇంత ఆలస్యమైంది, వంకాయ నీకోసమే తీసి ఉంచాను” అనేది. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఆమెకు బోర్డు లేకపోతే నేనే ఇష్టపడి ఒకటి గీసిచ్చాను. కూర పోసిన ప్లాస్టిక్ కవరు మూతిని ఆమె దారంతో గిర్రున తిప్పి ముడివేసేది. ఆ ముడి చూస్తే చాలు, లోపల వేడి కూర ఉందని తెలుస్తుంది. ఒక్క గీతతో ఆ ముడివేసిన కవరు గీశాను. పక్కన పెద్ద అక్షరాల్లో ఆమె ఊరి పేరు. అదే దుకాణం పేరు.

తర్వాత ఉద్యమం ముదిరింది. బందులు, రాస్తారోకోలు, రోడ్డు మీద వంటలు. మేం కూడా ఇంట్లో ఊరికే కూర్చోలేదు. మా అమ్మ మోకాళ్ల నొప్పులతోనే సరూర్‌నగర్ రోడ్డు మీద బతుకమ్మ ఆడింది. నేను ఊరేగింపుల కోసం పది జిల్లాల పటం చేత్తో గీసి ఇచ్చేదాన్ని. ఏ జిల్లా అంచు ఎక్కడ వంకర తిరుగుతుందో కళ్లు మూసుకుని గీసేదాన్ని. మా మాట విని నవ్వినవాళ్లందరినీ ఆ గీతతోనే నిలదీస్తున్నట్టు ఉండేది నాకు. ఆ పటం మీద నాకు అంత పట్టింపు.

ఆంధ్ర పేర్లున్న బోర్డుల మీద తారు పూయడం కూడా అప్పుడే మొదలైంది. డైరెక్టర్ పరుగెత్తుకుంటూ మా షాపుకి వచ్చాడు.

“లోగో మార్చాలమ్మా. తెలంగాణ పటం పెట్టు. లోపల బతుకమ్మ పెట్టు. చూడగానే మనోళ్లది అనిపించాలి.”

“సార్, గది అబద్ధమైతది గద సార్” అన్నాను.

ఆయన నా వైపు చిన్నపిల్లను చూసినట్టు చూశాడు. “లోగో పనేంటమ్మా? చూసినవాడికి నమ్మకం కలిగించడం. ఇదీ అదే.”

నేను మా ఓనరు వైపు చూశాను. “గియ్యి చెల్లె. ఎవరికి గీసినా పటం పటమే గద” అన్నాడాయన. గీశాను. ఊరేగింపులకు ఎంత శ్రద్ధగా గీశానో అంత శ్రద్ధగానే గీశాను, చెయ్యి అలవాటు పడిపోయింది. గద్ద, దివిటీ, సూర్యుడు పోయాయి. చూడటానికి మునుపటి కంటే బాగుంది. అందుకు ఇంకా మండింది.

ఒక బందు రోజు ఊరేగింపు మా సందులోకి వచ్చింది. మేం సగం షట్టరు దించి లోపల ఉన్నాం. డైరెక్టర్ మా ఓనరుకి ఫోన్ చేసి నన్ను పంపమన్నాడట. ఎందుకో నాకు చెప్పలేదు. వెళ్లేసరికి సెంటర్ గేటు ముందు ఇరవై ముప్పై మంది ఉన్నారు. ముందున్నవాడు మా వాడకట్టు పిల్లాడే. మేమూ వాళ్లూ ఒకే నల్లా దగ్గర నీళ్లు పట్టుకునేవాళ్లం. చేతిలో తారు డబ్బా, బ్రష్షు ఉన్నాయి.

డైరెక్టర్ నన్ను ముందుకు పిలిచి వాళ్లతో అన్నాడు. “ఈ లోగో వేసింది మన తెలంగాణ అమ్మాయే. మీ అమ్మాయే. మాట్లాడమ్మా, మీ భాషలోనే చెప్పు.”

ఆ గదిలో నన్ను నోరు మూసుకోమన్న మనిషే. అదే గొంతు. ఆ కుర్రాడు నన్ను చూసి, “నువ్వే గీసినవా అక్కా?” అన్నాడు.

“అవ్ తమ్మీ. నేనే గీసిన.”

అంతకంటే ఒక్క మాట కూడా నా నోట రాలేదు. వాళ్లకు అది చాలింది. బోర్డు మీద గులాల్ చల్లి, జై కొట్టి ముందుకు నడిచారు.

ముప్పై అడుగులు నడిచి కర్రీ పాయింట్ ముందు ఆగారు. ఊరేగింపు వస్తోందని ఆవిడ బయట స్టూలు మీద బిందెతో మంచినీళ్లు పెట్టింది. వాళ్లలో ఇద్దరు తాగారు కూడా. తర్వాత ఆ కుర్రాడు పైకి చూసి ఊరి పేరు చదివాడు. బ్రష్షు ముంచి ఇటు నుంచి అటు ఒక్కసారి లాగాడు. ముడి పోయింది, అక్షరాలు పోయాయి. ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నేను గేటు దగ్గర నిలబడి ఉన్నాను. అరవొచ్చు. అరవలేదు.

వెనక నుంచి డైరెక్టర్ నెమ్మదిగా అన్నాడు. “పోనీలే అమ్మా. మనది గండం నుంచి బయటపడింది.”

అప్పుడు వచ్చింది నాకు నోరు. “మనది అనకుండ్రి సార్. నేను మాట్లాడితే ఆనాడు మీకు నామోషీ అయింది. ఇయ్యాల నా మాట అడ్డం పెట్టుకుని మీ బోర్డు కాపాడుకున్నరు. గింత సిగ్గు లేకుంట ఎట్ల బతుకుతరు?” ఆయన ఏదో అనబోయాడు. నేను వినకుండా ఆ కుర్రాడి వెనక పరుగెత్తాను.

“ఏం చేసినవ్రా? ఆమె పెట్టిన నీళ్లు తాగి ఆమె బోర్డు మీద తారు పూస్తవా?”

“బోర్డు మీద ఆంధ్ర ఊరి పేరుంది గదక్కా.”

“ఉంది. ఆమె ఊరు గదే. ఉన్నది రాసుకుంది. లేనిది రాసినోనికి జై కొట్టొచ్చినవ్.”

వాడు తారు డబ్బా ఎత్తుకున్నాడు. “గది నువ్వే గీసిన అన్నవ్ గదక్కా” అని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున షాపు నుంచి థిన్నరు డబ్బా, పాత గుడ్డలు తీసుకుని కర్రీ పాయింట్‌కి వెళ్లాను. ఆవిడ అప్పటికే స్టూలెక్కి కూరగాయల కత్తితో తారు గీకుతోంది. నేను కింద నుంచి గుడ్డ అందించాను. తీసుకుంది.

“అక్కా, ఆపలేకపోయిన” అన్నాను.

“ఆ గేటు దగ్గర నువ్వు చెప్పడం విన్నాను. ఇక్కడ కూడా ఒక మాట చెప్తావేమో అనుకున్నాను” అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

తారు పోలేదు. రుద్దినకొద్దీ కింది రంగు కూడా లేచివచ్చింది. కొత్త బోర్డు చేసిస్తానన్నాను. ఊరి పేరు లేకుండా ఒట్టి ముడి బొమ్మతో చేస్తే మళ్లీ ఎవరూ ముట్టుకోరని కూడా అన్నాను. అప్పుడు ఆమె స్టూలు దిగి నా ముందుకొచ్చి నిలబడింది.

“మా ఊరి పేరు తీసెయ్యమంటావా? మీరంతా రోడ్ల మీద కూర్చున్నది మీ పేరు మీకు కావాలనే కదమ్మా?”

షాపుకి వెళ్లి అదే బోర్డు మళ్లీ చేశాను. అదే ముడి, అదే ఊరి పేరు, ఈసారి అక్షరాలు ఇంకొంచెం పెద్దవి. మా ఓనరు చూసి, “పరేషాన్ చేస్తవా నన్ను? షాపు మీద పడితే ఎవరిది జిమ్మ?” అన్నాడు. ఆ పూచీ నాదే అన్నాను. పట్టపగలు నేనే నిచ్చెన వేసుకుని మేకులు కొట్టాను. సాయంత్రం నల్లా దగ్గర ఆ కుర్రాడు కనిపించాడు. అందరూ వింటుండగా చెప్పాను.

“గా బోర్డు నేనే గీసిన, నేనే కట్టిన. దాని మీద చెయ్యేస్తే నా మీద ఏసినట్టే.”

“ఎవరేస్తరక్కా” అని గొణిగి బిందె ఎత్తుకుపోయాడు. ఆ బోర్డును ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. ఆ ఒక్క మాట ముందు రోజే అని ఉంటే సరిపోయేదని తెలిసి నా మీద నాకు మరింత కోపం వచ్చింది.

రాష్ట్రం వచ్చింది. రోడ్ల మీద మేం ఏడ్చాం, ఆడాం. ఆ సంతోషంలో అబద్ధం లేదు. డైరెక్టర్ కూడా సెంటర్ ముందు మిఠాయిలు పంచాడు. కొన్నాళ్లకు మా ఓనరు ఫోన్ నా చేతికిచ్చి, సార్ మాట్లాడతాడట అన్నాడు.

“అమ్మా, విజయవాడలో బ్రాంచి పెడుతున్నాం. అక్కడికి ఆ పటం ఉంటే బాగుండదు. పటం తీసేసి, కృష్ణా నదో ఏదో పెట్టి ఒకటి చేసిపెట్టు. నీ చెయ్యి మంచిది.”

“నా చెయ్యి మీకు లేదు సార్” అని పెట్టేశాను. పాత గిరాకీ పోయిందని మా ఓనరు కేకలేశాడు. ఆ నెలాఖరుకే నేను ఆ షాపు మానేశాను. ఎల్‌బీ నగర్‌లో బస్సులు ఆగే చోటికి దగ్గర్లో ఒక చిన్న గది కిరాయికి తీసుకుని సొంతంగా డిజైన్లు చేసుకుంటున్నాను. ఎవరైనా వచ్చి, మీరెవరో ఏం చేస్తారో చెప్పకుండా, ఈ రోజుల్లో ఏది నడుస్తుందో అది పెట్టమంటే నేను పని తీసుకోను. గిరాకీలు నా నోటికి జడుస్తారని చుట్టుపక్కల షాపులవాళ్లు అంటారు. జడవనివ్వండి.

ఆవిడ దుకాణం ఇప్పటికీ నడుస్తోంది. దిల్‌సుఖ్‌నగర్ వైపు పనిబడితే వెళ్తాను. కూర కట్టి ఇస్తుంది, మా అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయని అడుగుతుంది. నాకోసం వంకాయ తీసి ఉంచడం మాత్రం మానేసింది. నేనూ అడగలేదు.