పెట్టుబడి చీర

మిర్యాలగూడలో నేనొక ఇల్లు చూసి పెట్టుకున్నాను. సాగర్ కాలువ నీళ్లొచ్చి ఊరు ఏటికేడు పెరుగుతున్న రోజులవి. ఎటు చూసినా కొత్త రైస్ మిల్లులు, కొత్త గోడలు. మా అక్క వాళ్ల పక్క వీధిలో, ఎత్తరుగులు, పెరట్లో తియ్యనీళ్ల బావి ఉన్న ఇల్లు. బావి దగ్గర ఎక్కడ మల్లె పాదు వేయాలో కూడా అనుకున్నాను. ఇక మా ఆయన తిరిగి రావడమే తరువాయి.

ఆయన లెక్కల మాస్టారు. అప్పటికి రెండేళ్ల కిందట ఆఫ్రికాలో మొంబాసా అనే రేవు పట్నానికి పాఠాలు చెప్పడానికి వెళ్లారు. నేనూ అత్తమ్మా సూర్యాపేటలో ఉండేవాళ్లం. ఒకరోజు ఉత్తరం వచ్చింది. ఆ పట్నం రోజురోజుకూ పెరిగిపోతోందట, కిరాయికి ఇల్లు దొరకడం గగనమైపోయిందట, అక్కడే ఒక ఇల్లు బేరం కుదుర్చుకున్నారట. నన్ను వచ్చేయమన్నారు. నన్నొక్క మాట అడగలేదు. మిర్యాలగూడ ఇంటి ఊసే లేదు.

ఉత్తరం చదివి వినిపిస్తే అత్తమ్మ ఒకటే అడిగింది.

"అమ్మేటోళ్ల ఇంట్ల ఆడమనిషి ఉన్నదా?"

ఉంది. భర్త పోయిన ముసలావిడ, ఇల్లమ్మి ఎక్కడో దూరాన ఉన్న కొడుకు దగ్గరికి పోతోందని రాశారు.

"మరి ఆమెకు చీరె పెట్టకుంట ఎట్ల అడుగు పెడ్తరే? ఇల్లిడిసి పోయేటామె మనసు నొయ్యొద్దు. పో, జర మంచిది సూసి తే."

మా వైపు ఇల్లు కొంటే, అమ్మినవారి ఇల్లాలికి చీర పెట్టాలి. ఆమె తీసుకుంటేనే ఇష్టంగా ఇచ్చినట్టు.

కోపంతోనే బజారుకు పోయాను. నా ఇల్లు గంగలో కలిసింది, పైగా చీర కూడానా అనిపించింది. సేటు పరిచిన మంచి చీరలన్నీ పక్కకు నెట్టి, అడుగున ఉన్న ఎర్ర చీర ఒకటి లాగాను.

"అది పెట్టుబడి చీరెనమ్మా, కట్టుకునేది కాదు. చెమటకే రంగు దిగుతది" అన్నాడు సేటు.

"పెట్టెతందుకే గదా, ఇయ్యి" అన్నాను.

పెట్టుబడి చీరల సంగతి మాకందరికీ తెలిసిందే. పెళ్లిళ్లలో ఒకరు పెడతారు, తీసుకున్నవాళ్లు మడత విప్పకుండా ఇంకొకరికి పెడతారు. వాటిని ఎవరూ కట్టరు. ఆ ధైర్యంతోనే కొన్నాను. మొంబాసా నుంచి కోదాడకు సెలవు మీద వచ్చిన ఇంకో మాస్టారు తిరిగి వెళ్తుంటే ఆయన చేతికిచ్చి పంపాను.

మూడు నెలలకు ఉత్తరంతో పాటు ఒక ఫొటో వచ్చింది. గుమ్మం ముందు సన్నగా, నల్లగా ఒక ముసలావిడ. గౌను మీదనే ఆ చీర రెండు చుట్లు చుట్టి, కొంగు తలమీదుగా వేసుకుని నవ్వుతోంది. కింద మా ఆయన రాశారు: "ఇల్లు ఖాళీ చేసిన రోజంతా నీ చీరే కట్టుకుంది. ఎండకు చెమట పట్టి మెడకూ చేతులకూ రంగంటింది. మీ దేశంలో ఇది శుభమా అని అడిగింది. అవునన్నాను."

అంతకు మించి ఒక్క ముక్క రాయలేదు. తిట్టినా బాగుండేది.

"ఎంత సంబురంగ కట్టుకున్నదో సూడు! మంచి చీరె పంపినవ్ బిడ్డా" అంది అత్తమ్మ.

నేను వంటింట్లోకి పోయి, పొయ్యి వెలిగించకుండానే దాని ముందు కూర్చున్నాను. చీరంటే కట్టుకునేదే అనుకుంది ఆవిడ. నా కోపం ఆయన మీద, తీర్చుకున్నది ఆమె మీద. ఇంత చిన్న మనసు నాదేనా అని ఏడుపొచ్చింది.

మరుసటి ఏడు నేను వెళ్లాను. ఆమె కోసం పెట్టెలో మంచి పట్టుచీర తీసుకెళ్లాను. కొడుకు ఊరేదో అడిగితే ఇరుగుపొరుగు ఎవరికీ తెలియలేదు. కొత్త ఇంటి గుమ్మం పక్కన, తెల్లని సున్నపు గోడ మీద, ఎర్రగా ఒక అరచెయ్యి ముద్ర ఉంది. వెళ్లిపోయే ముందు ఆమె అక్కడ చెయ్యి ఆనించి కాసేపు నిలబడిందట.

"సున్నం కొట్టిద్దామనుకుంటూనే ఉన్నాను" అన్నారు ఆయన.

వద్దన్నాను. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ చోట సున్నం పడనివ్వలేదు. పట్టుచీర పెట్టెలోనే ఉండిపోయింది. ఇంటికొచ్చినవాళ్లు గోడ వైపు చూసి, మీ దేశంలో ఇది శుభమా అని అడిగేవారు.

అవునని చెప్పేదాన్ని.