ఏ చాల్?

మా గదిలో పేకాటకు పెద్దమనిషిని నేనే. ఎవరూ ఎన్నుకోలేదు, నాకు నేనే అయ్యాను. తడి చేత్తో ముక్కలు ముట్టుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. పక్కవాడి ముక్కల్లోకి మెడ సాచేవాణ్ణి చూస్తే ఇంకా మండుతుంది. ఆట మధ్యలో ఫోన్ ఎత్తి కబుర్లు మొదలుపెట్టినవాణ్ణి గది బయటికి పంపిన రోజులున్నాయి. "ఇదేమన్నా కోర్టా అన్నా" అని వెక్కిరించేవాళ్ళు. వెక్కిరిస్తూనే చేతులు తుడుచుకుని వచ్చి కూర్చునేవాళ్ళు.

డబ్బుల ఆట కాదు. ఈ గల్ఫ్ దేశంలో డబ్బు పెట్టి ఆడి దొరికితే ఏమవుతుందో మాకందరికీ తెలుసు. బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులోని మా గదిలో ఆటంటే, శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చాక రెండు మంచాల మధ్య అట్టపెట్టె బోర్లించి, దాని మీద దుప్పటి పరిచి కూర్చోవడం. పప్పుచారులోకి పిసికిన చింతపండులోంచి గింజలు ఏరి, కడిగి, ఆరబెట్టి నేనే ఒక డబ్బాలో దాచాను. మా పందెం ఆ గింజలే.

ఆడేది మూడు ముక్కలాట. తలా మూడు ముక్కలు పంచుతాను. ముక్కల మీద నమ్మకం ఉన్నవాడు "చాల్" అని గింజలు ముందుకు తోస్తాడు. ఆ మాట హిందీవాళ్ళ నుంచి వచ్చింది, ఆడుతున్నాను అని అర్థం. నమ్మకం లేనివాడు ముక్కలు బోర్లించి తప్పుకుంటాడు. చివరికి తెరిచి చూస్తే ఎవరి ముక్కలు పెద్దవైతే గింజలన్నీ వాళ్ళవి. నేను పెట్టిన నియమాల్లో ఒకటి మాత్రం అందరికీ కంఠతా వచ్చు. నోటి మాటే మాట, మాట మార్చినవాడు ఆట ఓడినట్టే.

నేను స్టోర్‌లో పనిచేస్తాను. గదిలో మేం ఐదుగురం, అందులో ఇద్దరు కంపెనీ బస్సు డ్రైవర్లు. ఒకాయనది నిజామాబాద్ పక్క పల్లె, ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే మనిషి. అందరికీ భాయ్. రెండో ఆయనది కడప జిల్లా, అందరికీ కడపన్న. ఇద్దరూ ఒకే మాసంలో సెలవు అడిగారు. ట్రాన్స్‌పోర్ట్‌లో ఒకసారి ఒక్క డ్రైవరే వెళ్ళాలి. సూపర్‌వైజర్ మలయాళీ, చెడ్డవాడు కాదు గానీ మొండివాడు. "మీలో మీరే తేల్చుకోండి. శుక్రవారం రాత్రి ఇషా నమాజు లోపల పేరు చెప్పండి, లేకపోతే ఇద్దరికీ లేదు" అన్నాడు.

భాయ్ భార్యకు నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పుకు ఆయన ఇక్కడే ఉన్నాడు. తర్వాత ఇంటికి వెళ్తే, అప్పటికే నడుస్తున్న కూతురు ఆయన్ని చూసి కెవ్వుమని ఏడ్చి తల్లి వెనక దాక్కుందట. "బిడ్డ నన్ను దొంగోన్ని సూసినట్ట సూసింది అన్నా" అని ఎప్పుడు చెప్పినా నవ్వుతూనే చెప్పేవాడు. ఆ నవ్వు చూడలేక నేను వేరే పని చూసుకునేవాణ్ణి.

కడపన్న కొడుక్కి చెవులు సరిగా వినపడవు. చాన్నాళ్ళు తిరగ్గా తిరగ్గా పెద్దాసుపత్రిలో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. నాయన పక్కనుంటేనే చెవి ముట్టుకోనిస్తానని పిల్లాడు పంతం పట్టాడు. ఉంటానని ఈయన మాటిచ్చాడు. వాడితో ఫోన్‌లో మాట్లాడాలంటే అరవాలి. "అన్నం తింటివా నాయనా? అన్నం! అన్నం!" అని కారిడార్‌లో నిలబడి కేకలేసేవాడు. పక్క గదివాళ్ళు గోడ మీద దబదబా కొట్టేవాళ్ళు. మేమూ ఆటపట్టించేవాళ్ళం, ఫోన్ ఎందుకన్నా, కిటికీ తెరిచి అరిస్తే కడపకు వినపడదా అని.

వారమంతా ఇద్దరూ "నువ్వే పో" అంటే "నువ్వే పో" అనుకున్నారు. అనుకుని, మంచమెక్కి, ఇద్దరూ నిద్రపోలేదు. శుక్రవారం మధ్యాహ్నం భాయే విసుగెత్తి, "గిట్ల కాదు. పత్తాలు ఎయ్యి అన్నా. అల్లా ఎవర్ని పంపాల్నంటే ఆళ్ళే పోతరు" అన్నాడు. కడపన్న తలూపాడు. నాకు ఇష్టం లేదు. సెలవును చింతగింజల మీద పెట్టడమేమిటి? కానీ వేరే దారి చెప్పమంటే నా దగ్గరా లేదు.

గింజలు చెరి సగం పంచాను. ఎవరి గింజలు అయిపోతే వాళ్ళు ఆగిపోవాలి, రెండోవాళ్ళు ఇంటికి వెళ్ళాలి. మిగతా ఇద్దరూ పై మంచాలెక్కి కూర్చున్నారు. నోరెత్తితే బయటికి పంపుతానని ముందే చెప్పాను.

ఆట కాసేపు అటూ ఇటూ ఊగింది. ఒక పంపకంలో భాయ్ తన ముక్కలు చూసి, ఏమీ ఆలోచించనట్టు, కుప్ప కుప్పంతా మధ్యలోకి తోసేశాడు. "చాల్." ఇప్పుడు కడపన్న ఆడితే తన గింజలన్నీ పెట్టాలి, ఆ పంపకంతోనే అంతా తేలిపోతుంది. తప్పుకుంటే అప్పటిదాకా పెట్టినవి పోతాయి గానీ కొన్ని మిగులుతాయి, ఆట మిగులుతుంది.

కడపన్న ముక్కలను ముఖానికి దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు. ఎడమ చేతిని దుప్పటి మీద అడ్డంగా ఆడించి అన్నాడు:

"చాల్."

ఆ మాట పూర్తయిందో లేదో భాయ్ తన ముక్కలు తెరిచేశాడు. వాటిలో ఏ జతా లేదు. పెద్ద ముక్క రాణి. వట్టి బెదిరింపు ఆట ఆడాడు.

కడపన్న చేతిలో ముక్కలు ఇంకా అలాగే ఉన్నాయి, బోర్లించలేదు. ఆయన ఆ రాణి వైపు చూశాడు, తన ముక్కల వైపు చూశాడు. అప్పుడు తట్టింది నాకు. ఆట భాషలో చాల్ అంటే ఆడుతున్నాను. ఆయన భాషలో చాలు అంటే ఇక వద్దు. అన్నం వడ్డించేటప్పుడు ఆయన కంచం మీద చేయి అడ్డం పెట్టి "చాల్ చాల్" అని ముక్తసరిగా అనడం నేను రోజూ వింటున్నదే. చేయి కూడా అచ్చం అలాగే ఆడించాడు.

"ఏ చాల్ అన్నా?" అని అడిగాను. "ఆట చాలా, అన్నం చాలా?"

పై మంచం మీద ఎవరో కిసుక్కుమని నవ్వబోయి ఆగిపోయారు. కడపన్న నా వైపు చూడలేదు.

"ఆట చాలే," అన్నాడు. గింజలన్నీ మధ్యలోకి తోసి, ముక్కలు తెరిచాడు. నాలుగుల జత.

నాకు ఒళ్ళంతా కోపం పాకింది. అబద్ధమని తెలుస్తూనే ఉంది, కానీ నిరూపించేది ఎలా? ఆయన నోట్లో మాటకు అర్థం ఆయనకే తెలుసు. నోటి మాటే మాటని నియమం పెట్టింది నేనే. భాయ్ వైపు చూశాను, కాదంటాడేమో, గొడవ చేస్తాడేమోనని. భాయ్ తన ముక్కలు పేర్చి నా చేతికిచ్చాడు.

"నేను గూడ గట్లనే ఇన్న. ఆడుతున్న అన్నడు. నువ్వు పో అన్నా, పిలగాని కాడికి పో" అన్నాడు. లేచి వెళ్ళి కుళాయి తిప్పి మొహం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

శుక్రవారం వంట నాది. సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక అన్నం, పప్పుచారు, వేపుడు దించాను. అందరూ నేల మీద వరసగా కూర్చున్నారు. సూపర్‌వైజర్‌కు ఇంకా పేరు చెప్పలేదు. తిన్నాక చేస్తానని కడపన్న ఫోన్ పక్కన పెట్టుకున్నాడు.

నేను వడ్డిస్తూ ఆయన దగ్గరికి వచ్చాను. రాత్రిపూట ఆయన తిండి పిడికెడు. గరిటెడు వేశాను. మామూలుగా అప్పటికే చేయి అడ్డం వచ్చేది. వచ్చింది, కానీ మాట రాలేదు. నేను గరిటె ఆపలేదు. ఇంకో గరిటె వేశాను. ఆయన చేయి తీసేశాడు. ఇంకోటి వేశాను. ఎందుకు వేస్తున్నానో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. కంచంలో అన్నం గుట్టగా లేస్తోంది. పక్కవాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు. భాయ్ కూడా తలెత్తాడు. మెతుకులు కంచం అంచు దాటి కింద పడుతుంటే కడపన్న కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"చాల్," అన్నాడు.

అదే గొంతు, అదే ముక్తసరి. భాయ్ చేతిలో ముద్ద అలాగే ఆగింది.

"గిదేనా?" అన్నాడు మెల్లగా. "పగటీలి నువ్వన్నది గీ చాలేనా?"

"ఇదే," అన్నాడు కడపన్న. "ఇంగ వద్దనే అంటి. నువ్వు ముక్కలు తెరిస్తివి. నా నాలుగులు పెద్దవైనాయి. అప్పుడు పిలగాడు కండ్లల్లో మెదిలినాడు భాయ్, నోరు పెగల్లేదు నాకు."

మధ్యాహ్నం నుంచి నేను కోరుకున్నది ఈ మాటే. తీరా వచ్చాక ఎందుకు రాబట్టానురా దేవుడా అనిపించింది. గరిటె పక్కన పెట్టి, ముక్కల పెట్టె కోసం మంచం కిందికి చేయి పెట్టాను. "ఇంకా టైముంది. ఆ పంపకం కొట్టేసి మళ్ళీ ఆడదాం. ఏం భాయ్?"

"ఆడుదాం. తప్పేముంది?" అన్నాడు భాయ్ వెంటనే.

"తప్పే," అన్నాడు కడపన్న. "మాట మార్చినోడు ఆట ఓడినట్టే. నువ్వు పెట్టిన రూలే గదప్పా."

నా రూలు నాకే అడ్డం తిరిగింది. అది ఆటకు పెట్టుకున్నది అన్నా, దీనికి కాదు అనాలనుకున్నాను. అనేలోపే ఆయన ఎడమ చేత్తో ఫోన్ తీసి సూపర్‌వైజర్‌కు కలిపాడు. "సర్, పహలే భాయ్ జాయేగా. హా సర్. ఫైనల్." అంతే. ఫోన్ కింద పెట్టి, ఆ గుట్ట ముందు కూర్చుని తినడం మొదలుపెట్టాడు. మా గదిలో అన్నం పారేసే అలవాటు లేదు.

భాయ్ తన కంచం దగ్గరికి జరిపి, "గింత బువ్వ ఒక్కనివి ఎట్ల తింటవ్?" అని సగం అన్నం తన కంచంలోకి లాక్కున్నాడు.

అప్పుడు మోగింది కడపన్న ఫోన్. శుక్రవారం ఆ వేళకు పిల్లాడు చేస్తాడు. ఆయన మోగనిచ్చాడు. ఆగి మళ్ళీ మోగింది. ఎంగిలి చేయి పైకి పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తీసుకుని కారిడార్‌లోకి వెళ్ళాడు. తలుపు దగ్గరగా వేసుకున్నాడు గానీ ఏం లాభం?

మొదట మెల్లగానే అన్నాడు. స్పీకర్‌లోంచి "ఆఁ?" అని పిల్లాడి గొంతు. ఈసారి కొంచెం గట్టిగా, "నేను రావటంలేదు నాయనా." మళ్ళీ "ఆఁ?"

"రావటంలేదు! అమ్మ ఉంటాది! అమ్మ! నేను రాను! రాను రా!"

భాయ్ కంచంలో చేయి పెట్టి అలాగే కూర్చున్నాడు. పిల్లాడికి ఆ మాట అందేలోపు కారిడార్ మొత్తానికీ అందింది. పక్క గదివాళ్ళు ఆ రోజు గోడ కొట్టలేదు.