జోగులమ్మ తోలు సంచి

మా మేనత్త జోగులమ్మ పేరెత్తితే ఆత్మకూరు ముసలివాళ్ళు ఇప్పటికీ ఆమె చేసిన కాన్పుల సంగతే చెప్తారు. ఆమె కుట్టిన సంచి సంగతి ఒక్కరూ ఎత్తరు. నాకు అదే ఒళ్ళు మంట. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె మంత్రసాని. అవి సంస్థానాల రోజులు. మాదిగవాడ మనిషి మామూలప్పుడు పెద్దిళ్ళ గడప తొక్కడానికి లేదు. నొప్పులు మొదలైతే మాత్రం బండి కట్టి మరీ పిలిపించేవాళ్ళు. పురుటి గది ఎలాగూ మైలే కాబట్టి ఆమె లోపలికి రావచ్చు, బిడ్డను చేతుల్లోకి తీసుకోవచ్చు. తర్వాత ఇల్లు కడుక్కుంటే సరిపోయేది.

ఒకసారి పెద్దదొర భార్య లక్ష్మీదేవమ్మ దొరసాని పెద్ద కోడలికి కాన్పు కష్టమైతే, మేనత్తకు తోడుగా వనపర్తి దవాఖాన నుంచి డాక్టరమ్మను రప్పించారు. ఆమె చేతిలో నల్లటి తోలు సంచి ఉంది. ఇత్తడి మూతి, టక్కుమని మూసుకునేది. కత్తెర, దారం, మందు సీసా అన్నీ అందులోనే. లక్ష్మీదేవమ్మ తన చేతులతో ఆ సంచిని అందుకుని లోపలికి తెచ్చి పీట మీద పెట్టింది. డాక్టరమ్మ పోతూ పోతూ మేనత్తకు ఒక కత్తెర ఇచ్చి, "మరిగించి వాడు, దుమ్ము తగలనీయకు" అని చెప్పింది. మేనత్తకు ఉన్నదల్లా పాత చీర ముక్కతో కట్టిన మూట. మూటలోకి దుమ్ము పోకుండా ఎట్లా ఉంటుంది?

ఇంటికి రాగానే మొగుడితో, "నాకు గసుంటి సంచి కుట్టియ్యి" అంది.

మా మామ కురుమూర్తి చెప్పులు, బావి నుంచి చేనుకు నీళ్ళు తోడే మోట బొక్కెనలు కుట్టడంలో చెయ్యి తిరిగినవాడు. "గంతేనా? రేపటికిస్త" అన్నాడు. ఇచ్చాడు కూడా. దళసరి ఎనుము తోలు, తోలు తాడుతో కుట్టు, ఆ కుట్టంతా బయటికే, పైన ఆముదం పూత. అలవాటు కొద్దీ చుక్క నీరు కారకుండా బిగించాడు.

"గిదేందయ్యా? దీంతోని కాన్పు చెయ్యాల్నా, చేనుకు నీళ్ళు వెట్టాల్నా?"

"సంచి అడిగితివి, సంచి ఇస్తి. ఇంకేం గావాలె?"

"డాక్టరమ్మ సంచికి కుట్టే కానరాదు."

కుట్టు కనబడకూడదంటే తిరగేసి కుట్టి, తర్వాత లోపలి వైపును బయటికి తిప్పాలి. గుడ్డసంచి అయితే తిరుగుతుంది, ఎనుము తోలు తిరుగుతుందా? మామ కాలితో తొక్కిపట్టి గుంజాడు. మేనత్త అటువైపు నుంచి గుంజింది. సగం తిరిగి నిలిచిపోయింది. ఇక ఇటు రాదు, అటు పోదు. నానబెట్టి తిప్పితే తిరిగింది గానీ, ఎండేసరికి ఒక పక్క ముడుచుకుపోయింది. మళ్ళీ కుట్లు విప్పబోతే ఆరె విరిగింది. తోలుకు బొక్కలు పొడిచేది ఆ ఆరెతోనే, ఇల్లు గడిచేదీ దాంతోనే. మామకు కోపం నషాళానికంటింది.

"నాతోని గాదు. డాక్టరమ్మవు గావాల్నంటే ఇంకో జలమల పుట్టు" అని సంచిని మూలకు విసిరేశాడు.

మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు తోలు పదును చేస్తారు, ఆరె మాత్రం మగవాళ్ళే పడతారు. మేనత్త అది కూడా పట్టింది. కమ్మరితో కొత్త ఆరె చేయించింది. మేకతోలును తంగేడు చెక్క నీళ్ళలో మెత్తగా పదును చేసుకుంది. దారానికి మైనం రాసి కుట్టడం మొదలుపెట్టింది. ఆరె వేలిలో దిగింది. కుట్టు వంకరపోయింది. మూలల దగ్గర మడతలు పడ్డాయి. విప్పడం, మళ్ళీ కుట్టడం. విప్పినప్పుడల్లా పాత బొక్కలు కనబడతాయి కదా, ఆ అంచు కోసేయాల్సిందే. దాంతో సంచి చిన్నదవుతూ పోయింది.

"జర ఆగు. ఇంకోపారి ఇప్పితే పోకల సంచి అయితది" అని మామ ఎగతాళి చేశాడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కుట్టింది.

చివరికి అయింది. మూతికి ఎద్దు మెడపట్టీ నుంచి తీసిన ఇత్తడి గుండీ పెట్టింది. ఎక్కడా కుట్టు కనబడలేదు. మామ అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిగనే ఉంది" అన్నాడు. ఆయన నోట అంత మాట రావడమే గొప్ప. ఇక మేనత్తకు ఒకటే ఆశ. తన సంచి కూడా ఆ గడప దాటాలి, ఆ పీట మీద కూర్చోవాలి.

లక్ష్మీదేవమ్మ చిన్న కోడలికి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. మేనత్త సంచి పట్టుకుని పోయింది. గడప దగ్గర దొరసాని చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. గా తోలు లోపలికి తెస్తవా? చెప్పుల కాడ వెట్టు."

"డాక్టరమ్మది గూడ తోలే గదా, దొరసానీ."

"అది బొంబాయిది. ఇది మీ ఇంట్ల కుట్టింది."

లోపల చిన్న కోడలు అరుస్తోంది. వాదించే వేళ కాదు. మేనత్త కత్తెర, దారం కొంగులో కట్టుకుని, సంచిని చెప్పుల పక్కన పెట్టి లోపలికి పోయింది. మనిషి దాటిన గడపను సంచి దాటలేకపోయింది. మగపిల్లవాడు పుట్టి కేరుమన్నాడు. ఇల్లంతా సంబరపడింది.

మేనత్త బయటికి వచ్చి సంచి ఎత్తితే బరువుగా ఉంది. గుండీ విప్పి చూసింది. లోపల పెద్దదొర తెగిన చెప్పుల జోడు, బురదతో సహా.

"కురుమూర్తితోని కుట్టిచ్చి పంపు" అని అరుగు మీది నుంచి జీతగాడు కేకేశాడు.

ఆమె ఆ బరువుతోనే ఇల్లు చేరింది. మామ ఆత్రంగా ఎదురొచ్చాడు.

"సంచి లోపలికి పోయిందా?"

మేనత్త చెప్పులు తీసి ఆయన ముందర వేసింది. మామ వాటి వంక చూశాడు. సంచి అందుకుని, లోపలి బురదను తన తలగుడ్డతో తుడిచాడు. చెప్పుల జోలికి మాత్రం పోలేదు.

తర్వాత జీతగాడు చెప్పుల కోసం వచ్చాడు. మామ వాటిని తెగినవి తెగినట్టే తెచ్చి వాడి ముందు పెట్టాడు.

"ఎందుకు కుట్టలే?"

"ఆరె ఇరిగింది. దొరకు గట్లనే చెప్పు" అన్నాడు మామ. పక్కనే కూర్చున్న మేనత్త చేతిలో కొత్త ఆరె ఉంది.